తమ్ముడికి పెట్టిన తోటకూర పులుసు

మొన్న వానల్లో మా మనవరాలికి టైఫాయిడ్ వచ్చింది. మా ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీదుండే ఓ కుర్ర డాక్టరు రక్తపరీక్ష చేయించి, మందులు రాసిచ్చి, "ఇంట్లో వండేవన్నీ పెట్టండి మాసీమా. కారం తగ్గించి మెత్తగా ఉడికిస్తే చాలు" అన్నాడు బెంగాలీలో.

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ."

"ఆకుకూరలు కూడానా?"

ఆయన నవ్వాడు. "పెట్టండి. బలం రావద్దూ?"

ఆటోలో ఇంటికి వస్తూ మా అమ్మాయిని మళ్ళీ అడిగాను, డాక్టరు సరిగ్గా ఏమన్నాడని. "ఏటమ్మా, నీ ఎదటే గదా సెప్పినాడు. ఎన్నిసార్లడుగుతావు?" అని విసుక్కుంది.

జ్వరం దిగాక ఆ పిల్ల నోటికి ఏదీ సహించలేదు. చివరికి తోటకూర పులుసు కావాలంది. బజారుకి నేనే వెళ్ళి లేత కట్ట చూసి తెచ్చాను. కాడలన్నీ తీసేశాను. ఆకు ఒక్కటే ఉడికించి, మెదిపి, జల్లెడలో వడగట్టి, అన్నంలో కలిపి గిన్నె మా అమ్మాయి చేతికిచ్చాను. నా చేత్తో పెట్టలేకపోయాను. పిల్ల తింటున్నంతసేపూ బయటికి వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాను. తిన్నది, ఆడుకుంది, కొన్నాళ్ళకి బడికీ పోయింది. ఆ పిల్లకి ఏమీ కాలేదు. కాదని నాకూ తెలుసు. తెలిసినా గేటు వదిలి లోపలికి పోలేకపోయాను. అది చెప్పుకోవాలంటే చాలా వెనక్కి పోవాలి.

అప్పట్లో మేము ట్రాఫిక్‌లో ఉండేవాళ్ళం. ట్రాఫిక్ అంటే ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లుండే పేట. వరసలు వరసలుగా ఇటుక ఇళ్ళు, ఒక్కో ఇంటికి రెండు గదులు, వెనక చిన్న పెరడు. తెల్లారితే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి రాజేసి పెట్టేవారు. వరసంతా పొగ కమ్మేసేది. ఎదురింటివాళ్ళని కూడా గొంతునిబట్టే పోల్చుకునేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద ఇంజన్ల మసి చుక్కలు చుక్కలుగా పడేది. పక్కింట్లో ఆవనూనె మరిగే వాసన, మా ఇంట్లో చింతపండు ఉడికే వాసన, రెండూ పెరటి గోడ దగ్గర కలిసేవి. పక్కింటావిడ బెంగాలీ. పిల్లలందరం ఆవిణ్ణి మాసీమా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం.

నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. సైరన్ కూసిందంటే వీధి నిండా సైకిళ్ళే. ఇంట్లో అమ్మా నాన్నా, నేనూ, నాకంటే చిన్నవాడు తమ్ముడూ, మామ్మా. మామ్మంటే నాన్నని కన్నతల్లి. తాతయ్య శ్రీకాకుళం అవతల పల్లె నుంచి ఇంజన్లకి బొగ్గెత్తే పనికి వచ్చి, నాన్నకింకా మీసం రాకముందే పోయాడట. అప్పట్నుంచి మామ్మ నెత్తిన గంప పెట్టుకుని ఆకుకూరలమ్మి నాన్నని పెంచింది. బెంగాలీ ఇళ్ళ ముందు "నోటే శాక్, పుయి శాక్" అనీ, తెలుగిళ్ళ ముందు "తోటకూర, బచ్చలి" అనీ కేకేసేదట. నాన్నకి పని దొరికాక గంప దించేసింది గానీ ఆకుని వదల్లేదు. పెరట్లో గిన్నెలు తోమిన నీళ్ళు పారే చోట ఎర్ర కంకరమట్టి తవ్వి పోసి, ఎక్కణ్ణించో నల్లమట్టి మోసుకొచ్చి, చిన్న మడి కట్టింది. ఏడాది పొడుగునా అందులో తోటకూర ఉండేది.

అమ్మకి పెళ్ళినాటికే తల్లి లేదు. చుట్టాల్లో ఎవరింట్లోనో పెరిగి, మాట తక్కువగా ఈ ఇంటికి వచ్చింది. మామ్మ అమ్మని పేరు పెట్టి పిలిచేది కాదు, "అమ్మా" అనేది. మధ్యాహ్నం పనులయ్యాక వెనక గుమ్మంలో కూర్చుని అమ్మ తల దువ్వేది. అమ్మ కూర్చున్నచోటే కునికేది. మాసీమాకి అది వింత. గోడ మీంచి చూసి, "నీ కోడలా, కూతురా బుడీమా?" అని అడిగేది. బుడీమా అంటే ముసలమ్మ.

"కూతురే. కనడమొకటి మర్సిపోనాను" అని మామ్మ తెలుగులోనే జవాబిచ్చేది. మాసీమాకి అర్థమయ్యేది.

నా తర్వాత ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఆ తర్వాత తమ్ముడు. వాడు పుట్టినప్పుడు అమ్మకి ఒళ్ళు తెలియకపోతే మామ్మే వాణ్ణి పొట్ట మీద వేసుకుని రాత్రింబవళ్ళు కూర్చుందట. అందుకే కాబోలు, వాడికి నిద్రొస్తే మామ్మ పక్కే కావాలి, ఆకలేస్తే మామ్మ చెయ్యే కావాలి. అమ్మకి దానిమీద అసూయ ఉండేది కాదు. "మాయమ్మ ఎల్లాగుండేదో నాకు తెల్దు గానీ, మీ మామ్మ ఉన్నాది గదా" అని నాతో అనేది, మామ్మే తనకీ తల్లి అన్నట్టు.

మామ్మ చేసే తోటకూర పులుసు చెప్పకుండా ఈ కథ నడవదు. ఉదయమే మడిలోకి దిగి, మంచు ఇంకా ఆరకముందే కోసేది. ఆకు ఒలిచి, కాడల్ని వేలెడంత ముక్కలు చేసి, పైన పీచు లాగి పడేసేది. మట్టి దాకలో ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పసుపూ వేసి, ముందు కాడలు, అవి మగ్గాక ఆకు. ఆకు ఇమిడిపోయి అడుగున చేరాక చింతపండు పులుసు పోసేది. బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పారబోయకుండా ఉంచి అవీ పోసేది, చిక్కబడడానికి. ఆఖర్న బెల్లం. తర్వాత ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ, వెల్లుల్లితో పోపు. ఆ పోపు చుయ్యిమనగానే ఆటలో ఉన్న తమ్ముడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు.

వాడికి ఆకు అక్కర్లేదు, కాడలు కావాలి. ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకుని లోపలి గుజ్జంతా జుర్రి, మిగిలిన పిప్పిని కంచం అంచున పెట్టేవాడు. నేను అటు తిరిగితే ఆ పిప్పి తీసి నా జడలో దూర్చేవాడు. బళ్ళో వెనక బెంచీ పిల్లలు చూసి నవ్వితేగాని నాకు తెలిసేది కాదు. ఇంటికొచ్చి వాణ్ణి కొట్టబోతే మామ్మ వెనక దాక్కునేవాడు. బెల్లం కుండ ఉట్టి మీదుండేది. నేను వంగితే వాడు నా వీపెక్కి తీసేవాడు. ఒకరోజు కుండలో చెయ్యి పెడితే బెల్లం బదులు వేపాకు ముద్ద తగిలింది. వాడు చూసుకోకుండా నోట్లో వేసుకున్నాడు. వాడి మొహం చూసి మామ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

అలాంటి ఇంట్లోకి ఆ ఏడు వానలతోపాటు జ్వరం వచ్చింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తడిసొచ్చాడు, జలుబు చేసిందన్నారు. తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. నాన్న ఝపటాపూర్ పేట నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. అందరూ డాక్టర్‌బాబు అనేవారు. ఆయన తమ్ముడి నాలుక చూసి, పొట్ట తట్టి చూసి, టైఫాయిడ్ అన్నాడు. మందు రాసిచ్చి, గుమ్మం దాటబోతూ ఆగి, అమ్మకేసి వేలు చూపించి మరీ చెప్పాడు. బార్లీ నీళ్ళు, గ్లూకోజు నీళ్ళు. అంతే. ఒక్క మెతుకు కూడా పెట్టకూడదు. పేగు పుండై ఉంటుంది, జ్వరం తగ్గిందని పెట్టారో ప్రాణం మీదికొస్తుంది. అప్పటి వైద్యం అది.

అమ్మ ఆ మాటని పట్టుకుని కూర్చుంది. అంతకుముందు ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో పోపు పెట్టడం మానేసింది, వాసన వాడికి తగులుతుందని. మాకు గంజీ ఉప్పూ, మహా అయితే ఓ పచ్చిమిరపకాయ. తనూ అదే తాగేది. నాన్న పొద్దున్నే గంజి తాగి పనికి పోయేవాడు.

జ్వరం మెల్లగా దిగింది. అది దిగాక అసలు నరకం మొదలైంది. జ్వరమున్నన్నాళ్ళూ వాడికి ఆకలి లేదు. తగ్గాక ఒళ్ళంతా ఆకలే. వాడి మోకాళ్ళు తొడలకంటే లావుగా కనిపించేవి. కళ్ళు లోపలికి పోయాయి. పొద్దున్న లేచింది మొదలు తిండి మాటే. "అప్పా, బజార్లో జిలేబీ ఏస్తన్నారా? అప్పా, మాసీమా ఇంట్లో ఏటి వండినారు? సేపలా?" అని నన్నడిగేవాడు. చివరికి అన్నీ వదిలేసి ఒకటే అడగడం పట్టుకున్నాడు. "మామ్మా, తోటకూర పులుసు. కాడలొద్దు, ఒట్టి పులుసే. రెండు మెతుకులు."

ఓరోజు తలగడ మూల నోట్లో పెట్టుకుని నములుతూ కనిపించాడు. గుడ్డ చిరిగి దూది బయటికొచ్చింది. మామ్మ దాన్ని వాడి నోట్లోంచి లాగి, ఆ గుడ్డ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"ఇది సూడమ్మా. గుంటడు దూది తింటన్నాడు. ఆకలితో సంపుతావేటి?"

అమ్మ బార్లీ కాస్తోంది. తిరిగి చూడలేదు. "డాక్టర్‌బాబు వద్దన్నారత్తా."

"జొరం నేదు గదా. మా ఊల్లో జొరం దిగితే మూడో పూటకి పత్యం ఎట్టేవోళ్ళం. ఆకుకూర తింటే రగతం పడతాది."

"మీ ఊల్లో ఎంతమంది బతికినారో నాకు తెల్దు. నాకు ఈడొక్కడే ఉన్నాడు."

అమ్మ అంత పెద్ద మాట మామ్మతో అనడం అదే మొదలు. మామ్మ వచ్చి వాడి పక్కన కూర్చుంది. వాడు ఆమె చేతివేళ్ళు పట్టుకుని వాసన చూశాడు. ఆ వేళ్ళకి ఎప్పుడూ ఉండే వాసన కోసం చూశాడేమో మరి. ఏమీ లేకపోయేసరికి వదిలేశాడు.

ఆ తర్వాత ఒకనాడు మందు అయిపోయింది. నాన్న పనికి పోయాడు. నేను బడికి బయల్దేరుతున్నాను. అమ్మ చీర మార్చుకుని, ఝపటాపూర్ వెళ్ళి డాక్టర్‌బాబుని అడిగి మందు తెస్తానంది. వెళ్తూ మామ్మతో, "బార్లీ కాసి ఉంచినాను. అదొకటే ఎట్టత్తా. ఏడిసినా మరేటీ ఎట్టకు" అంది.

"ఎల్లిరా అమ్మా" అంది మామ్మ.

మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలితే ఇంటికొచ్చాను. వరస మొదట్లోనే వాసన తగిలింది. చింతపండూ బెల్లమూ ఉడికిన వాసన. ఎన్నాళ్ళయిందో ఆ వాసన తగిలి. పరిగెత్తాను. మంచం మీద తమ్ముడు మామ్మ ఛాతీకి ఆనుకుని కూర్చున్నాడు. వాడి మూతి చుట్టూ పులుసు. మామ్మ గిన్నెలో అన్నం గంజిలా మెదిపి, లేత ఆకు పులుసు కలిపి, చిటికెడు చిటికెడు నోట్లో పెడుతోంది. మామ్మ ఏడుస్తోంది. వాడు నవ్వుతున్నాడు. దాకలో మిగిలింది నాకు పెట్టింది. నేనూ తిన్నాను. అంత రుచిగా అంతకుముందెప్పుడూ లేదనిపించింది. తమ్ముడు తిన్నవాడు తిన్నట్టే మామ్మ ఒళ్ళో నిద్రపోయాడు. ఆ నిద్రలో వాడి మొహం మళ్ళీ పాత మొహంలా కనిపించింది.

మామ్మ దాక కడిగి బోర్లించింది. అమ్మ మందుతో వచ్చింది. తలుపు దగ్గరే ఆగి వాసన చూసింది. మామ్మకేసి చూసింది. మామ్మ తల వంచుకుంది. అమ్మ మందు కింద పెట్టింది. వెళ్ళి వాడి పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. సాయంత్రందాకా తియ్యలేదు.

మర్నాడు పొద్దున కడుపునొప్పి మొదలైంది. కాసేపటికి అరవడం కూడా మానేశాడు. పొట్ట పలకలా గట్టిపడింది. ఒళ్ళంతా చెమట, కాళ్ళు చల్లబడ్డాయి. నాన్న వాణ్ణి దుప్పట్లో చుట్టి రిక్షా ఎక్కించాడు. మేమందరం వెనక పరిగెత్తాం. ఆస్పత్రిలో ఒక డాక్టరు వాడి పొట్ట ముట్టుకుని తలెత్తి, "కీ ఖాయియేఛో?" అన్నాడు. ఏం పెట్టారు, అని.

అమ్మ వాడి కాళ్ళు రుద్దుతూనే ఉంది. నాన్నకి అసలు తెలియదు. మామ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "శాక్‌-భాత్ బాబూ. ఆమి ఖాయియేఛి. నానే ఎట్టినాను" అంది, సగం బెంగాలీ సగం తెలుగు.

పేగు చిల్లు పడిందన్నారు. ఆ సాయంత్రం సైరన్ కూసే వేళకి తమ్ముడు పోయాడు.

అమ్మ ఏడవలేదు. వాణ్ణి తీసుకుపోయేటప్పుడు మామ్మ కిందపడి దొర్లుతుంటే, అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆమెని చూసింది.

కొన్నాళ్ళకి నాన్న ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళి ఆ డాక్టరునే అడిగొచ్చాడు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాడు. "అన్నం వల్లే అని సెప్పలేమన్నాడు. ఏటీ తినకపోయినా పేగు అలాగే సిల్లు పడతాదట. జొరం తగ్గినాకే ఎక్కువ పడతాదట. ముందు రోజే పడిపోయుండొచ్చన్నాడు."

"మీయమ్మని కాసుకోడానికి సెప్తన్నావు" అంది అమ్మ.

"ఒట్టు. ఆయనే సెప్పినాడు."

"అయితే మరి ఎట్టకపోతే బతికేవోడు కాదని కూడా సెప్పినాడేటి?"

నాన్న సైకిలు తీసుకుని బయటికి పోయాడు. 

ఆ రోజు నుంచి అమ్మ మామ్మతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. వేళకి కంచం పెట్టేది, స్నానానికి నీళ్ళు తోడేది, చీర ఉతికేది. మాట మాత్రం నా ద్వారా. "మీ మామ్మని తినమను." "మీ మామ్మకి మందేసుకోమను." రెండు గదుల ఇల్లు. ఒకరి కాలు ఒకరికి తగలకుండా నడవడం కూడా కష్టం. అందులో ఇద్దరు మనుషులు ఏళ్ళ తరబడి అలా బతికారు. మధ్యాహ్నం వేళ వెనక గుమ్మం ఖాళీగా ఉండేది. అమ్మ తన జుట్టు తనే ముడేసుకునేది.

మామ్మ పెరట్లో మడి మొత్తం వేళ్ళతో సహా పీకేసింది. మొలకలు మళ్ళీ వస్తాయని కుంపట్లో బూడిద వేడి మీదే తెచ్చి పోసింది. మళ్ళీ ఆకు ముట్టలేదు. పండక్కి ఏం వండినా అన్నంలో ఉప్పూ నీళ్ళూ పోసుకుని తినేది. ఒకసారి మాసీమా బచ్చలి వండి గిన్నెలో పెట్టి గోడ మీంచి అందించింది, బుడీమాకిమ్మని. మామ్మ ఆ గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత మూత పెట్టి నా చేత వెనక్కి పంపించింది. నాన్న ఓవర్‌టైమంటూ వర్క్‌షాపులోనే ఎక్కువ ఉండేవాడు. ఇంటికొస్తే ఆ ఇద్దర్లో ఎవరివైపు చూడాలో తెలియక కంచంలోకి చూసి తినేవాడు.

ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి మామ్మ లేదు. ఆమె ట్రంకుపెట్టె తెరిచి ఉంది. అమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. "మీ మామ్మ స్టేషనుకి ఎల్లినట్టుంది. ఎల్లి తీసుకురా" అంది.

స్టేషనుకి పరిగెత్తాను. పొడుగాటి ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ కొళాయి పక్కన, ఒళ్ళో మూట పెట్టుకుని మామ్మ కూర్చుని ఉంది. మద్రాసు వైపు పోయే బండి కోసమట. టిక్కెట్టు లేదు. ఊళ్ళో కూడా ఎవరూ లేరు. ఆమె వాళ్ళంతా ఎప్పుడో పోయారు.

"అమ్మ రమ్మంది మామ్మా."

మామ్మ నా మొహంలోకి చూసింది. "మీయమ్మే అన్నాదా? ఏటన్నాది?"

"'ఎల్లి తీసుకురా' అంది."

"కోపంగా అన్నాదా?"

"మామూలుగానే అంది."

"ఇంకేటన్నాది?"

"ఇంకేమీ అనలేదు."

మామ్మ మూట నా చేతికిచ్చి లేచింది. దారి పొడుగునా "రమ్మన్నాది గదా" అని తనలో తను అనుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే అమ్మ తలెత్తలేదు. కంచం మాత్రం పెట్టింది. అమ్మ ఆమెని పోనివ్వకపోవడం దయో, శిక్షో నాకప్పుడు తెలియలేదు. అమ్మకి తెలుసో లేదో.

నేను పెద్దదాన్నయ్యాను. మామ్మ ముసలిదైపోయింది. ముందు వస్తువులు మర్చిపోయింది, తర్వాత మనుషుల్ని. తర్వాత తమ్ముడు పోయాడన్న సంగతినే మర్చిపోయింది. బడి వదిలే వేళకి వెళ్ళి గేటు దగ్గర నిలబడేది. వచ్చేపోయే పిల్లల్ని ఆపి, "మా గుంటడు రాలేదేటి?" అని అడిగేది. మొదటిసారి నాన్న నిజం చెప్పేశాడు. "ఆడు పోయి చానా ఏళ్ళయింది గదమ్మా" అన్నాడు. మామ్మ ఆ క్షణమే విన్నట్టు గుండెలు బాదుకుని కూలబడిపోయింది. మర్నాటికి మర్చిపోయి మళ్ళీ గేటు దగ్గరికెళ్ళింది. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే ఏడుపు. అలా ఆమెకి మనవడు రోజూ చచ్చిపోయేవాడు. అమ్మ అదంతా వంటింటి తలుపు దగ్గర్నుంచి చూసేది.

ఒక సాయంత్రం అమ్మ దీపం పెడుతోంది. మామ్మ గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చి అమ్మ కొంగు పట్టుకుంది.

"అమ్మా, గుంటడికి అన్నం ఎట్టినావా? ఆకలంతన్నాడు."

నేను లేచాను, ఆమెని తీసుకెళ్దామని. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. అగ్గిపుల్ల ఆర్పి మామ్మకేసి తిరిగింది. అన్నేళ్ళలో మామ్మతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"ఎట్టినాను అత్తా."

"ఏటి ఎట్టినావు?"

"తోటకూర పులుసు."

"కాడలు తిన్నాడా?"

"తిన్నాడు. తినేసి ఆటకెల్లినాడు."

"మంచిదమ్మా" అంది మామ్మ. కొంగు వదిలేసి తన మంచం దగ్గరికెళ్ళి పడుకుంది. అమ్మ పెరట్లోకి వెళ్ళి, ఒకప్పుడు మడి ఉన్న చోట, కొళాయి పూర్తిగా తిప్పి బకెట్టు కింద పెట్టి, ఆ చప్పుడులో ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ తర్వాత మామ్మ రోజూ అడిగేది. అమ్మ రోజూ చెప్పేది. ఇంట్లో ఎవరమూ ఇంకో మాట చెప్పేవాళ్ళం కాదు. అమ్మ బజారు నుంచి తోటకూర తెప్పించి, వండి, తన చేత్తో కలిపి మామ్మకి పెట్టింది. మామ్మ తినేది. ఎవరు పెడుతున్నారో తెలిసి తిందో, తెలియక తిందో చెప్పలేను. ఆ చలికాలం దాటకుండానే పోయింది.

ఆ క్వార్టర్లిప్పుడు లేవు. మా వరస పడగొట్టారు. ఆ మధ్య అటువైపు పోయినప్పుడు మా ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. బొగ్గు పొగ లేదు, బొగ్గు ఇంజన్లు లేవు. మాసీమా వాళ్ళ పిల్లలు ఎటు పోయారో తెలియదు. నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే ఉండి, నా దగ్గరే పోయింది. పోయేవరకూ తమ్ముడి గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. అది మామ్మ పెద్దకర్మ నాడు.

చుట్టాలంతా వెళ్ళిపోయారు. మామ్మ కోసం వండిన పులుసు దాకలో కొంచెం మిగిలింది. అమ్మ దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని, నన్ను పిలిచింది.

"ఆ పూట నువ్వింటికొచ్చేసరికి ఆడు తింటన్నాడా?"

ఏ పూటో అడగాల్సిన అవసరం లేకపోయింది. "తింటన్నాడు" అన్నాను.

"నవ్వినాడా?"

"నవ్వినాడమ్మా."

"ఏటన్నాడు?"

"ఇంకొంచెం ఎట్టు మామ్మా, అన్నాడు."

అమ్మ గరిటెతో దాక అడుగు గోకింది. తర్వాత అడిగింది.

"ఎట్టిందా?"

"ఎట్టింది."

"పోనీలే" అంది అమ్మ. దాక దగ్గరికి లాక్కుని, అందులోనే అన్నం వేసి కలుపుకుని, తమ్ముడు పోయాక మొదటిసారి ఆ పులుసు తిన్నది.